ఉప్పాడలో పోయిన ఇసుక ఎక్కడ ఆగింది?

బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందంటే కాకినాడ–ఉప్పాడ బీచ్ రోడ్డు వార్తల్లోకి వస్తుంది. కెరటాలు రోడ్డెక్కుతాయి, తారు పలకలుగా లేచిపోతుంది, బళ్లను వేరే దారి పట్టిస్తారు, అలజడి తగ్గాక లారీలతో రాయి తోలి పోస్తారు. పై ఏడాది మళ్లీ అదే రోడ్డు, అదే రాయి. టీవీ చర్చలో ఎవరో ఒకరు సముద్ర మట్టం పెరుగుతోందంటారు, అందరూ తలూపుతారు, చర్చ అక్కడితో సరి.

సముద్రం పెరుగుతున్న మాట నిజమే. ఉత్తర హిందూ మహాసముద్రంలో 1993 తర్వాత ఏటా సుమారు 3.3 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతూ వచ్చింది. ముప్పై ఏళ్లకు 10 సెంటీమీటర్లు వేసుకోండి. ఇసుక తీరంలో నీటి మట్టం ఒక సెంటీమీటరు పెరిగితే ఒడ్డు అర మీటరు నుంచి ఒక మీటరు వెనక్కి జరుగుతుందని తీరం ఇంజినీర్లు వాడే మోటు లెక్క ఒకటుంది. దాని ప్రకారం ముప్పై ఏళ్లలో పోవాల్సింది 5 నుంచి 10 మీటర్లు. ఉప్పాడలో పోయింది వీధులకు వీధులు. పైగా మట్టం పెరగడమే కారణమైతే తీరమంతా ఒకే తీరున తరగాలి కదా! జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990 నుంచి 2018 వరకు ఉపగ్రహ చిత్రాలతో కట్టిన లెక్కలో ఆంధ్ర తీరంలో దాదాపు 29 శాతం కోతకు గురైంది, దాదాపు సగం మేట వేసింది, మిగిలింది కదలకుండా ఉంది. అంటే ఒకచోట తిన్న ఇసుక ఇంకోచోట తేలుతోంది, లేదా రావలసిన ఇసుక దారిలోనే ఆగిపోతోంది. ఉప్పాడ విషయంలో రెండూ జరిగాయి.

ఇసుక ఎక్కడి నుంచి వస్తుంది

మన తీరంలో ఇసుకను సముద్రం తయారుచేయదు, నది తెచ్చి ఇస్తుంది. గోదావరి 1465 కిలోమీటర్లు నడిచి, మూడు లక్షల చదరపు కిలోమీటర్లకు పైబడిన పరీవాహకం నుంచి మట్టి, ఇసుక కడిగి తెచ్చి ధవళేశ్వరం దిగువన పాయలకు పంచుతుంది. గౌతమి తూర్పుగా యానాం వైపు పోతుంది. వశిష్ఠ అంతర్వేది దగ్గర, దాని నుంచి చీలిన వైనతేయ ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తాయి. ఈ డెల్టా ముసలిదేం కాదు. మంచుయుగం తర్వాత సముద్రం పెరగడం నెమ్మదించి ఆరేడు వేల ఏళ్లయింది. ఇప్పుడు వరి పండుతున్న నేలలో చాలా భాగం ఆ తర్వాత నది వేసిన మేటే. అప్పటి తీరరేఖలు ఇసుక దిబ్బల వరసలుగా ఇప్పటికీ డెల్టా లోపల కనిపిస్తాయి. చుట్టూ నల్లరేగడి చేలుండి మధ్యలో పొడవాటి ఇసుక మెరక, దాని మీద ఊరు, తాటిచెట్లు ఉన్నాయంటే అది చాలాసార్లు పాత సముద్రపు ఒడ్డే. కొల్లేరు కూడా ఒకప్పటి ఉప్పునీటి కయ్యే. అటు కృష్ణ, ఇటు గోదావరి తమ డెల్టాలను ముందుకు నెట్టుకుంటూ పోతే మధ్యలో పూడకుండా మిగిలిన గుంత అది. కృష్ణ వైపు ఘంటసాల శాతవాహనుల కాలంలో రేవుపట్నం. ఇప్పుడు అక్కడ నిలబడి చూస్తే సముద్రం జాడే ఉండదు.

నది తెచ్చేదంతా ఒకటే సరుకు కాదు. ఈ తేడా తెలియకపోతే తర్వాత లెక్కలన్నీ తారుమారవుతాయి. 0.06 మిల్లీమీటర్ల కంటే సన్నని ఒండ్రు నీటిలో తేలుతూ పోతుంది. ఎర్రనీళ్లలో మనకు కనిపించేది అదే. దాన్ని బహిరంగ తీరం పట్టుకోలేదు. కెరటాలు లేపేస్తాయి, లోతుకు పోతుంది, లేదంటే కోరంగి మడ అడవుల్లాంటి నెమ్మది నీటిలో వేళ్ల మధ్య దిగుతుంది. బీచ్‌ను నిలబెట్టేది ముతక సరుకు, అంటే 0.1 నుంచి 0.5 మిల్లీమీటర్ల ఇసుక. ఇది నది అడుగున దొర్లుతూ, ఎగురుతూ నడుస్తుంది, అదీ వరద రోజుల్లోనే. నీటి వేగం రెట్టింపైతే ఇసుకను మోసే శక్తి ఎనిమిది రెట్లు, అంతకంటే ఎక్కువే అవుతుంది. అందుకే ఏడాది మొత్తం రవాణాలో సింహభాగం జులై నుంచి సెప్టెంబరు మధ్య కొన్ని రోజుల్లో ముగుస్తుంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద ఊళ్లకు విపత్తే. తీరానికి మాత్రం అలాంటి వరదలే ఏళ్ల తరబడి సరిపోయే ఇసుకను మోసుకొస్తాయి. ఇది చెప్పడానికి ఇబ్బందిగా ఉంటుంది కానీ వరద శిఖరాన్ని కోసేసిన ప్రతి జలాశయం తీరపు ఇసుకను కూడా కోసింది.

గోదావరి మోసే తేలుడు మట్టి 1970లలో ఏటా 15 కోట్ల టన్నుల ప్రాంతంలో ఉండేది. 1990లకు 6 కోట్ల టన్నుల లోపుకి పడిపోయింది. మంజీరపై నిజాంసాగర్, ప్రధాన నదిపై జాయక్వాడి, శ్రీరాంసాగర్, మానేరుపై ఆనకట్టలు, సీలేరు, మాచ్‌ఖండ్ లోయల్లో విద్యుత్ జలాశయాలు ఒక్కొక్కటీ తన వాటా ఆపుకున్నాయి. ఒక్క శ్రీరాంసాగరే 112 టీఎంసీలుగా మొదలై పూడిక వల్ల 90కి, తర్వాత దాదాపు 80కి దిగింది. అయినా గోదావరి పూర్తిగా ఎండకపోవడానికి కారణం ప్రాణహిత, ఇంద్రావతి, శబరి. వీటి వరద ఇప్పటికీ చాలావరకు అడ్డు లేకుండా వస్తుంది.

ధవళేశ్వరం బ్యారేజీని తిట్టేవాళ్లున్నారు. నా లెక్కలో దాని తప్పు తక్కువ. కాటన్ ఆనకట్ట 1852 నాటిది, ఇప్పుడున్న బ్యారేజీ 1982లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం నాలుగు భాగాల్లో 175 గేట్లున్నాయి. పెద్ద వరదకు గేట్లన్నీ ఎత్తేస్తారు, ఇసుక కూడా చాలావరకు దాటిపోతుంది. దాని ప్రభావం రబీలో కనబడుతుంది. దిగువకు నీరు వదలనప్పుడు పాయల్లోకి ఉప్పునీరు ఎగదన్నుతుంది, మొగల దగ్గర, అంటే నది సముద్రంలో కలిసేచోట, కెరటాలు వేసిన ఇసుక దిబ్బల్ని తోసేసే ప్రవాహం ఉండదు.

పోలవరం సంగతి వేరు. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి మూడూ కలిశాక, డెల్టాకు ముందు అడ్డుపడే చివరి కట్ట అది. పూర్తి మట్టం 45.72 మీటర్లు, నిల్వ 194.6 టీఎంసీలు. వరద నీటిని వదిలే స్పిల్‌వే గోడ పై అంచు (క్రెస్టు) 25.72 మీటర్ల ఎత్తున ఉంటుంది, దాని మీద 48 గేట్లు. అంత లోతు నీటిలోకి వచ్చిన వరద ఒక్కసారిగా నెమ్మదిస్తుంది. ముతక ఇసుక జలాశయం తలభాగంలోనే, ఎక్కడో పైన దిగబడుతుంది, గేటు దాకా రాదు. అడుగున నదీ స్లూయిజులు, అంటే తూములున్నా అవి తమ ముందున్న కాస్త మేరను శుభ్రం చేసుకోగలవు గానీ పదుల కిలోమీటర్ల ఎగువన దిగిన ఇసుకను లాగలేవు. ప్రాజెక్టు వద్దని కాదు. నష్టపరిహారం లెక్కల్లో ముంపు గ్రామాలున్నాయి, అంతర్వేది, ఉప్పాడ తీరాలకు రాకుండా పోయే ఇసుక లేదు. అది ఇప్పుడే చేర్చాలి.

కృష్ణలో ఈ కథ ఎప్పుడో ముగిసింది. శ్రీశైలం 308 టీఎంసీలతో మొదలై 215కి, నాగార్జునసాగర్ 408 నుంచి 312కి దిగాయి. ఒక టీఎంసీ అంటే 2.83 కోట్ల ఘనపు మీటర్లు. శ్రీశైలం ఒక్కదాని అడుగునే 260 కోట్ల ఘనపు మీటర్ల పూడిక పడుకుని ఉంది. హంసలదీవి, నాగాయలంక వైపు తీరం తరుగుతోందంటే అందులో చోద్యమేముంది?

నదిలో మిగిలిన ఇసుకకు, దాన్ని తవ్వి లారీలకెత్తే ర్యాంపుల దగ్గర ఇంకో గండం. పెద్ద యంత్రాలతో పది, పదిహేనడుగుల గుంతలు తీస్తే పోయేది తవ్వుకెళ్లిన ఇసుక ఒక్కటే కాదు. తర్వాతి వరదలో దొర్లుకుంటూ వచ్చే ఇసుక ముందు ఆ గుంతల్ని నింపాకే కిందికి కదులుతుంది. అంటే తీరానికి రెండుసార్లు కోత.

మొగ దాటాక

సముద్రంలోకి దిగిన ఇసుక దిగినచోటే ఉండదు. మార్చి నుంచి అక్టోబరు దాకా దక్షిణ, నైరుతి దిక్కుల నుంచి వచ్చే కెరటాలు ఒడ్డుకు ఏటవాలుగా తగిలి ఇసుకను ఉత్తరానికి జరుపుతాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఈశాన్య గాలులతో కొంత వెనక్కి వస్తుంది. కూడికలు తీసివేతలు పోగా మిగిలేది ఉత్తరపు నడకే, ఏటా లక్షల ఘనపు మీటర్లు. ఈ ఒక్క విషయం గుర్తుంటే మన తూర్పుతీరంలో ఏ కట్టడం ఎక్కడ కోత పెడుతుందో ముందే చెప్పేయొచ్చు. గోడ ఏదైనా సముద్రంలోకి చొచ్చుకొస్తే దాని దక్షిణాన మేట, ఉత్తరాన కోత. చెన్నై రేవు పని 1876లో మొదలైంది. దక్షిణాన మెరీనా బీచ్ వెడల్పయింది, ఉత్తరాన రాయపురం తీరం తరిగింది. మెరీనాలో షికారు చేసేవాళ్ల కాళ్ల కింద ఉన్నది ఒక విధంగా రాయపురం వాళ్ల ఇసుక.

గౌతమి ఇసుక ఉత్తరానికి నడిచి కట్టిందే హోప్ ఐలాండ్. పేరుకు దీవి గానీ అది పదహారు కిలోమీటర్లకు పైబడిన ఇసుక నాలుక. వయసు రెండు వందల ఏళ్ల ప్రాంతం. అది పెరిగేకొద్దీ వెనకాల నీరు నెమ్మదించి కాకినాడ అఖాతం ఏర్పడింది. ఆ నీడలోనే రేవు పెరిగింది, మడ అడవి విస్తరించింది. అంతకు ముందు రేవు కోరంగి. ఓడలు కట్టిన ఊరు అది. 1839 నవంబరు తుఫాను దాన్ని ముంచేసింది, పూడిక మిగిలిన పని చేసింది. వ్యాపారం కాకినాడకు మారింది.

ఇప్పుడు ఉప్పాడను పటంలో చూడండి. హోప్ ఐలాండ్ కొనకు ఉత్తరాన, అఖాతం నీడ ముగిసేచోట ఉంది. గౌతమి నుంచి ఉత్తరానికి రావలసిన ఇసుక ఆ నాలుక పొడవు పెంచడానికి, దాని కొన చుట్టూ తిరిగి అఖాతంలోకి దిగడానికి ఖర్చవుతోంది. దాటివచ్చిన కొంత కూడా ఓడల దారి కోసం తవ్విన లోతులో పడుతుంది, అడుగు తవ్వే ఓడ, డ్రెడ్జర్, దాన్ని ఎత్తి వేరేచోట పారేస్తుంది. కాకినాడ లోతునీటి రేవు బ్రేక్‌వాటర్లు, అంటే కెరటాలను ఆపడానికి సముద్రంలోకి కట్టిన గోడలు, ఇంకో అడ్డు. నాలుక ఆకారం మారినకొద్దీ దాని కొన దగ్గర కెరటాలు వంగే తీరు కూడా మారి, శక్తి ఉప్పాడ వైపు కూడుకుంటుంది. మొత్తం మీద ఆ ఊరికి కెరటం పూర్తిగా అందుతుంది, ఇసుక మాత్రం అందదు. అదే కెరటం ఉప్పాడ నుంచి ఇసుకను ఎత్తుకుని ఉత్తరాన కోనపాపపేట వైపు నడిపిస్తుంది. వచ్చేది తక్కువ, పోయేది మునుపటంతే.

ఉప్పాడలో కొత్తగా కడుతున్న చేపల రేవుకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. మత్స్యకారులకు రేవు కావాల్సిందే. కానీ దాని దక్షిణపు బ్రేక్‌వాటర్ పక్కన పేరుకునే ఇసుకను ఏటా తీసి ఉత్తరాన పోసే ఏర్పాటు నిర్వహణ ఖర్చులో లేకపోతే కోనపాపపేట కోత ఇంకా పెరుగుతుంది.

రాయి ఎందుకు నిలవదు

రాళ్ల కట్టకు ఒక లెక్క ఉంది. పై పొరలో రాయి బరువు కెరటం ఎత్తు ఘనానికి అనుపాతంలో ఉండాలి. కెరటం ఎత్తు రెట్టింపైతే రాయి ఎనిమిది రెట్లు బరువుండాలి. వాలు 1:2, రాతి సాంద్రత 2.65, కట్ట మీద విరిగే కెరటం అనుకుని లెక్కేస్తే 1 మీటరు కెరటానికి 170 కిలోల రాయి చాలు, 2 మీటర్లకు 1.3 టన్నులు, 3 మీటర్లకు 4.5 టన్నులు కావాలి. తుఫాను హడావుడిలో లారీ వెనక తలుపు తెరిచి దొర్లించే రాళ్లలో ఎక్కువ భాగం గడ్డపారతో కదిలించగలిగేవే. అవి మామూలు రోజుల్లో బాగానే కనిపిస్తాయి. అసలు అవసరం పడిన రాత్రి కెరటం వాటినే ఎత్తి రోడ్డు మీద విసురుతుంది.

బరువు సరిపోయినా కట్ట కూలుతుంది, ఎందుకంటే చాలా కట్టలు పైనుంచి కాదు, కిందినుంచి పోతాయి. కెరటం గోడకు తగిలి వెనక్కి మళ్లేటప్పుడు గోడ కాలి దగ్గర ఇసుకను తవ్వుతుంది. ఆ గుంత లోతు కెరటం ఎత్తంత ఉండొచ్చని అంచనా వేసుకోవాలి. 2 మీటర్ల కెరటం వచ్చేచోట కట్ట కాలు ఇసుకలోకి కనీసం 2 మీటర్లు దిగాలి, లేదా గుంత పడినప్పుడు దానిలోకి తనంతట జారి కప్పేలా ముందువైపు కొన్ని మీటర్ల రాళ్ల పరుపు అదనంగా ఉండాలి. ఇసుక మీద పోసిన కట్టకు ఈ రెండూ ఉండవు. కాలు జారుతుంది, పైవి కిందికి దిగుతాయి, ఏడాదికల్లా కట్ట ఎత్తు సగమవుతుంది.

తర్వాతిది వడపోత పొర. రాళ్ల సందుల్లోంచి నీరు లోపలికీ బయటికీ ఆడినప్పుడల్లా వెనకున్న ఇసుక కొంచెం కొంచెం బయటికి కారిపోతుంది. రోడ్డు పైకి బాగానే ఉంటుంది, కింద డొల్ల. ఒకరోజు లారీ బరువుకు కుంగుతుంది. అందుకే ఇసుక మీద ముందు నీటిని వదిలి ఇసుకను ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ, దాని మీద చిన్నరాయి, ఆపైన పెద్దరాయి బరువులో పదో వంతుండే రాయి, అన్నిటికీ పైన పెద్దరాయి రెండు వరసలు వేయాలి. గుడ్డ మీద నేరుగా టన్ను రాయి పడేస్తే చిరిగిపోతుంది. చిన్నరాయి పొర వేసేది అందుకే. గుడ్డ అంచులు కలిసేచోట అర మీటరుకు తక్కువ కాకుండా ఒకదాని మీద ఒకటి రావాలి, నీటి అడుగున ఒక మీటరు. ఇవన్నీ పేజీల కొద్దీ టెండరులో ఉంటాయి. అత్యవసర పనిలో మాత్రం పైన కనిపించే పొర ఒక్కటే పడుతుంది.

ఇక కట్ట చివర. కట్ట ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి ఉత్తరాన ఒడ్డు చంద్రవంకలా లోపలికి తినేస్తుంది. కట్ట ఉన్నంత మేర ఒడ్డు నుంచి ఇసుక రాదు, కెరటానికి కావలసింది పక్కనుంచి తీసుకుంటుంది. అప్పుడు కట్టను పొడిగిస్తారు, వంక ఇంకొంచెం ఉత్తరానికి జరుగుతుంది. ఇలా గోడ వెంట గోడ, ఊరి వెంట ఊరు.

ఉప్పాడలో రాయికి బదులు జియోట్యూబ్‌లూ వేసి చూశారు. పాలీప్రొపిలీన్ నేత గుడ్డతో కుట్టిన పెద్ద సొరంగంలాంటి సంచిలోకి ఇసుక, నీరు కలిపి పంపుతో నింపుతారు. నీరు గుడ్డలోంచి కారిపోయి ఇసుక మిగులుతుంది. రాయి దొరకనిచోట ఇది చవక. దీని శత్రువులు మూడు. ఎండలో గుడ్డ బలం ఏటా తగ్గుతుంది, పడవ అడుగో లంగరో తగిలితే చిరుగుతుంది, కాలి దగ్గర గుంత పడితే ట్యూబు ముందుకు దొర్లుతుంది. ఒకచోట చిరిగితే లోపలి ఇసుక కారి మొత్తం చప్పబడుతుంది, అతుకు వేసే వీలు కెరటాల్లో ఉండదు. ఉప్పాడలో ట్యూబులు కొన్నేళ్లకే చెడిపోయాయి. ఒడిశాలో కేంద్రపడా జిల్లా పెంఠా దగ్గర 2016లో పూర్తిచేసిన 505 మీటర్ల కట్టలో ట్యూబులను లోపలి గుండెగా పెట్టి, పైన రాళ్లు నింపిన గాబియన్ (వల) పెట్టెలతో కప్పారు. ఎండా పడవా రెండూ గుడ్డను తాకవు. వేయదలిస్తే వేయాల్సిన పద్ధతి అది.

అయితే గోడ ఎంత బాగా కట్టినా బీచ్‌ను తేలేదు. రోడ్డును కాపాడుతుంది, అంతే. వలలు ఆరబెట్టుకునే, పడవ లాగే ఇసుక గోడ ముందు మిగలదు. బీచ్ కావాలంటే ఇసుకే పోయాలి. విశాఖలో 1976లో ఔటర్ హార్బర్ వచ్చాక ఆర్కే బీచ్‌కు అదే గతి పట్టింది. రేవు దక్షిణాన ఇసుక పడే గుంత నుంచి డ్రెడ్జర్ తీసిన ఇసుకను బీచ్ వైపు పంపు చేస్తేనే అది బతుకుతోంది. ఒక్క ఏడాది పని తప్పితే పర్యాటకులు కూడా గుర్తుపడతారు. పుదుచ్చేరిలో 1980ల చివర రేవు బ్రేక్‌వాటర్లు కట్టాక ఊరి బీచ్ మొత్తం పోయి రాళ్లు మిగిలాయి. 2018 ప్రాంతంలో ఉత్తరం వైపు నీటి అడుగున ఉక్కు పేటికతో ఒక దిబ్బ అమర్చి, రేవులో తవ్విన ఇసుకను దక్షిణం వైపు నుంచి పోస్తే బీచ్ తిరిగొచ్చింది. యానాం పాలన అక్కడి నుంచే కాబట్టి ఆ అనుభవం గోదావరి మొగకు కాస్త దగ్గరిదారిలోనే ఉంది. అడుగున దిబ్బ కెరటాన్ని ముందుగానే విరగ్గొడుతుంది, పోసిన ఇసుక త్వరగా జారకుండా చూస్తుంది. ఇసుక పోయకుండా దిబ్బ ఒక్కటే కడితే ఉత్తరాన ఇంకొకరి ఇసుకను ఆపినట్టే.

మీ ఊరి ఒడ్డు కొలవడం

కోత ఎంతన్నది కళ్లతో చూసి చెప్పలేం. తుఫాను మర్నాడు చూస్తే సర్వనాశనంలా ఉంటుంది, మార్చికి సగం తిరిగొస్తుంది. అందుకని ఏటా ఫిబ్రవరి–ఏప్రిల్ మధ్య, ఒడ్డు నిండుగా ఉన్నప్పుడు, ఒకే వారంలో కొలవాలి.

కంప్యూటర్లో గూగుల్ ఎర్త్ ప్రో పెట్టుకుని పాత చిత్రాల స్లైడర్‌తో మొదలుపెట్టొచ్చు. ఎక్కువమంది ఇక్కడే తప్పుచేస్తారు, నీటి అంచును కొలుస్తారు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఇక్కడ పోటుకూ పాటుకూ తేడా మీటరున్నర దాకా ఉంటుంది. 1:20 వాలు ఉన్న బీచ్‌లో ఆ మాత్రానికే నీటి అంచు 30 మీటర్లు జరుగుతుంది. పదేళ్ల కోతలా కనిపించేది ఆరుగంటల్లో వచ్చిన పోటుపాట్ల తేడా కావచ్చు. కొలవాల్సింది పచ్చదనం అంచును. బాలబంద తీగ, రావణాసురుడి మీసాల గడ్డి సముద్రం వైపు ఎక్కడ ఆగాయో అదే నమ్మదగిన గీత. ఇంకా వెనక్కి వెళ్లాలంటే లాండ్‌శాట్ చిత్రాలు 1972 నుంచి ఉన్నాయి, మొదట్లో ఒక చుక్క 80 మీటర్లు, 1980ల నుంచి 30 మీటర్లు. 2015 తర్వాత సెంటినెల్ చిత్రాల్లో 10 మీటర్లు. ఒక చుక్క కంటే తక్కువ తేడాను కోత అని రాయకూడదు. మైలుకు అంగుళం లెక్కన గీసిన పాత సర్వే పటంలో అర మిల్లీమీటరు గీత నేల మీద 32 మీటర్లు. కాబట్టి అది వందల మీటర్ల మార్పులకే పనికొస్తుంది. రెవెన్యూ గ్రామ పటాలు, పొలాల కొలతల పుస్తకాలు (ఎఫ్ఎంబీలు) వీటికంటే సూక్ష్మం. ఏ సర్వే నంబర్లు ఇప్పుడు నీటిలో ఉన్నాయో వాటితో సరిచూస్తే పాస్‌పుస్తకాలున్నవాళ్లకు సాక్ష్యం కూడా అవుతుంది.

నేల మీద కొలతకు ఖరీదైన యంత్రం అక్కర్లేదు. మీటరున్నర కర్రలు రెండు తీసుకుని పై కొస నుంచి కిందికి సెంటీమీటరు గుర్తులు పెట్టండి. వాటి మధ్య 2 మీటర్ల తాడు. కింది కొసలకు అరచేయంత చెక్క బిళ్ల బిగించాలి, లేకపోతే తడి ఇసుకలో దిగబడి కొలత పాడవుతుంది. ఒడ్డుకు కనీసం 50 మీటర్లు లోపల కదలని గుర్తొకటి చూసుకోండి. గుడి అరుగు, తుఫాను షెల్టర్ మెట్టు, సిమెంటు స్తంభం, ఏదైనా ఫరవాలేదు. దాని వెనక ఇంకో గుర్తు ఉంటే ప్రతి ఏడాదీ ఒకే గీత మీద దిగొచ్చు. ఒకరు వెనక కర్రతో గుర్తు దగ్గర, ఇంకొకరు ముందు కర్రతో సముద్రం వైపు. వెనకున్నవారు ముందు కర్ర కొసనూ దిగంతాన్నీ ఒకే చూపులోకి తెచ్చి, ఆ చూపు తన కర్రను పై కొస నుంచి ఎన్ని సెంటీమీటర్ల కింద తాకిందో చదవాలి. నేల అంత దిగినట్టు. ముందువైపు మెరకగా ఉంటే తిరగేసి, తన కర్ర కొస మీదుగా చూసి ముందు కర్ర మీద చదవాలి. ఇలా పాటు వేళ మోకాళ్ల లోతు నీటి దాకా పోతే ముప్పై, నలభై అంకెలొస్తాయి. కాగితం మీద గీస్తే బీచ్ అడ్డకోత సిద్ధం. దిగంతం మసకగా ఉన్న రోజు ఈ పద్ధతి పనికిరాదు.

రెండేళ్ల అడ్డకోతలు ఒకదాని మీద ఒకటి పెడితే మధ్య వైశాల్యమే మీటరు పొడవుకు పోయిన ఇసుక. 40 మీటర్ల వెడల్పున సగటున అర మీటరు దిగితే మీటరుకు 20 ఘనపు మీటర్లు, కిలోమీటరుకు 20,000. లారీకి 12 ఘనపు మీటర్ల చొప్పున దాదాపు 1,700 లారీలు. ఎవరైనా వచ్చి ఇసుక పోస్తామని ఒక అంకె చెబితే దీని పక్కన పెట్టి చూడొచ్చు.

కట్ట వేసే ప్రతిపాదన వచ్చినప్పుడు ఊరివాళ్లు కట్ట ముందున్న బీచ్‌ను కొలిచి ఊరుకుంటారు. కట్ట ఉత్తరపు కొస నుంచి కనీసం కట్ట పొడవంత దూరం దాకా, ప్రతి 200 మీటర్లకు ఒక గీత చొప్పున, పని మొదలవకముందు ఒకసారి, ఆ తర్వాత రెండేళ్లూ కొలవాలి. ఆ గీతలు చాలావరకు పక్క ఊరి పరిధిలో ఉంటాయి కాబట్టి వాళ్లనూ ముందే పిలుచుకోవాలి.